పుట్టకముందు టోపీ

బిడ్డ వీపు చూపించి పడుకుందట. డాక్టరమ్మ హారిక పొట్టమీద జెల్లు రాసి అటు నొక్కీ ఇటు నొక్కీ ఎంతసేపు తంటాలు పడ్డా ఇటు తిరగలేదు. గుండె కొట్టుకుంటోందమ్మా, అది విన్నావుగా, మిగతావేవీ నన్ను చూడనివ్వడం లేదు మీ బిడ్డ, బయటికెళ్ళి చల్లగా తీయగా ఏదైనా తాగి ఎడమవైపు ఒరిగి కూర్చో, ఓ గంట పోయాక మళ్ళీ చూద్దాం, అని పంపేసింది. మిగతావి అంటే ఏమిటి, వెన్నెముకా, మెదడా, గుండెలో గదులా, ఆవిడ ఆ తెరవంక చూస్తూ చూస్తూ మధ్యలో ఒక్కసారి మాట ఆపేసిందే, అలా ఎందుకు ఆపినట్టు అని అడగబోయి హారిక నోరు మూసుకుంది. అడిగితే సమాధానం వస్తుంది. గుంటూరు కొత్తపేటలో ఆ స్కానింగ్ సెంటర్ హాల్లో గోడవార కుర్చీలో ఒరిగి కూర్చుని మామిడి జ్యూసు సీసా గటగటా తాగేసి, మొండిఘటం, అనుకుంది, తల్లి పోలిక కాక ఇంకెవరి పోలిక వస్తుంది. బయట మిరపబస్తాల లారీ ఏదో పోయినట్టుంది, తలుపు తెరుచుకోగానే ఘాటు లోపలికొచ్చి హాలు హాలంతా తుమ్మింది. ఏప్రిల్ నెలలో గుంటూరులో అదొక మర్యాద, ఎవరూ ఎవరికీ సారీ చెప్పరు. హారిక కూడా తుమ్మి, ముక్కు తుడుచుకుని, భుజానికున్న గుడ్డసంచిలో చెయ్యిపెట్టి వెదురు సూదులు రెండూ, చిలకపచ్చ నూలు ఉండా బయటికి తీసి ఒళ్ళో పెట్టుకుంది. సూదిమీద బొటనవేలంత ఎత్తు అల్లి ఉంది, సాగే అంచు, ఒకటి సూటి కుట్టు, ఒకటి తిరగ కుట్టు. పక్క కుర్చీలో అత్తగారు సుబ్బరావమ్మ తల ఇటు తిప్పకుండానే, "మళ్ళీ తీశావా," అంది. "తీశానత్తయ్యా," అంది హారిక.

అది పాత తగువు. మాట్లాడ్డానికి ఏం మిగిలింది గనక. కడుపుతో ఉండగా పుట్టబోయే బిడ్డకి గుడ్డపీలిక కూడా కొనకూడదు, కుట్టకూడదు, ఎవరైనా ఇస్తే తీసుకోకూడదు. పుట్టగానే పాత చీరముక్కలోనో తాతగారి పాత పంచెముక్కలోనో చుట్టాలి, పురుడు వెళ్ళాకే కొత్త బట్ట. ఉయ్యాల తాడు కూడా ముందు కొనకూడదట, హారిక మొగుడు లక్ష్మీకాంత్ పుట్టినప్పుడు సుబ్బరావమ్మ తాడు కొననివ్వలేదట, పుట్టిన పదకొండో రోజున గేదె పలుపు ఉతికి కట్టారట, ఆ కథ హారిక పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ వింటూనే ఉంది. ముందే అమరిస్తే పైవాడికి కంటగింపట. ఎంత ఓర్వలేనివాడైతే మాత్రం బారెడు నూలుముక్కకి అసూయపడేవాణ్ణి పైవాడని ఎలా అంటారు, మన ఊరి కరణం అనొచ్చు. లక్ష్మీకాంత్ అయితే, మంచివాడే పాపం, ఈ నూలు తెప్పించిందీ అతనే, సూదులు వెతికి తెచ్చిందీ అతనే, కానీ ఇవాళ పొద్దున కారెక్కేటప్పుడు చెవిదగ్గరకొచ్చి, "అమ్మ ముందు కాసేపు లోపల పెట్టవే, ఈ ఒక్కరోజుకీ," అన్నాడు. ఇద్దరినీ ఇక్కడ దింపి మిరపయార్డుకి పోయాడు. దాచడమంటే ఏమిటి, తప్పు చేస్తున్నట్టు ఒప్పుకోవడమే కదా. మంచం కింద దాచి, గొళ్ళెం పెట్టుకుని, అత్తగారి చెప్పుల చప్పుడు వినగానే దిండుకింద తోసి, అవన్నీ పోయినసారి చేసింది. దాచుకుని దాచుకుని అల్లింది. అంత దాచినా ఏం మిగిలింది.

వరస తిరిగింది. సూది చేయి మారింది. అసలీ పిచ్చి పట్టించింది సిద్దికా. ఇదే ఊళ్ళో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో పక్కమంచం పిల్ల, సిమెంటు ఫ్యాక్టరీల దాచేపల్లి నుంచి వచ్చేది, సెలవులకి వెళ్ళొచ్చినప్పుడల్లా దాని పెట్టెనిండా సిమెంటు దుమ్మే. సైకిలు చక్రం పుల్లలు రెండు రాయిమీద అరగదీసి సూదులు చేసుకునేది, పట్నం బజారులో గుమ్మాలకి కట్టే తోరణాల ఊలు తెచ్చి, మెస్సులో పెరుగన్నం తినేటప్పుడు కూడా ఎడంచేత్తో ఉండ పట్టుకునే ఉండేది. "చూస్తావేంటే, పట్టుకో," అని ఒకరోజు పుల్లలు చేతిలో పెట్టింది. మొదటి వారం హారిక అల్లిందేమిటో ఇద్దరికీ అర్థం కాలేదు, జేబురుమాలు మొదలుపెడితే త్రికోణమైంది. తర్వాత సిద్దికాకి పెళ్ళయి వెళ్ళిపోయింది, హారికకి ఫోను మిగిలింది, ఫోనులో ఎక్కడో మంచుదేశపు ముసలావిడ, మొహం కనపడదు, రెండు చేతులూ ఒళ్ళో పిల్లీ మాత్రం కనపడతాయి, ఆవిడ భాష ముక్క తెలియదు, చేతులు మాత్రం తెలుగులో చెప్పినట్టే ఉండేవి. మేజోడుకి మడమ తిప్పడం, చొక్కాకి చంకల దగ్గర కుట్లు తగ్గించడం, జడలాగా కుట్లు దాటించడం అన్నీ ఆ చేతుల దగ్గరే నేర్చింది. నవ్వని వాళ్ళు లేరు. ఈ ఎండల్లో ఊలు వేసుకునే మొనగాడెవడే అని పుట్టింటివాళ్ళు, దర్శిలో రోళ్ళు పగిలే ఎండలో నాన్నకి మఫ్లరు అల్లితే ఆయన దాన్ని మోటారు స్టార్టరు పెట్టెకి చుట్టి, తేనెటీగలు దూరడం లేదమ్మా, భలే పనికొచ్చింది, అన్నాడు మెచ్చుకోలుగా. సరే అని ఊలు మానేసి నూలుకి మారింది. పత్తి పండించే ఇంట్లో పుట్టి పత్తి పండించే ఇంట్లో మెట్టి ఊలు వెనకాల తిరగడమేమిటి అసలు. నూలు సాగదు, తప్పు చేస్తే దాచదు, ప్రతి కుట్టూ పళ్ళు చూపిస్తుంది, అందుకే ఇష్టం. సీసాలకి తొడుగులు, టీవీ రిమోటుకి చొక్కా, మామగారి కళ్ళజోడుకి సంచి, బ్యాంకులో ఏసీ కింద కూర్చునే ఆడపడుచు శ్రీరమ్యకి చేతుల్లేని స్వెట్టరు, పొద్దస్తమానం వంగి మిరపకాయలు కోసేవాళ్ళ మోకాళ్ళకి పట్టీలు. మోకాలి పట్టీలకి మాత్రం అత్తగారి ఊరు ఊరంతా ఎగబడింది, అప్పుడెవరూ నవ్వలేదు.

అక్కడే ఆగితే బావుండేది, కారం టోపీ కథ వచ్చేది కాదు. ఇప్పుడు తలుచుకున్నా నవ్వొస్తుంది, నవ్వు వెనకాలే ఒళ్ళు మండుతుంది. ఎదురింటి జాస్మిన్‌కి కొడుకు పుట్టాడు, నలభయ్యో రోజు వేడుకకి టోపీ ఇస్తానని మాటిచ్చింది. మిరప కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరే రోజులవి. పొద్దంతా ఎర్రటి రాశుల పక్కన కూర్చుని ఏరడం, మధ్యమధ్య చేతులు కడుక్కుని చెట్టునీడన రెండు వరసలు అల్లడం. నీళ్ళతో కడిగితే మట్టి పోతుందిగానీ మిరప పోదు, ఆ సంగతి మిరప పండించేవాళ్ళకి తెలియదా, తెలుసు, కానీ వాళ్ళ వేళ్ళకే మంట తెలియడం ఎప్పుడో మానేసింది. నూలు మెల్లమెల్లగా ఘాటంతా తాగింది. తెల్లటి టోపీ, అంచుకి నీలం గీత, చూడ్డానికి ముచ్చటగా ఉంది. వేడుక రోజు పిల్లాడికి తొడిగారు, చెమట పట్టింది, ఇంక వాడు ఎత్తుకున్న రాగం షామియానా ఎగిరేలా. టోపీ తీస్తే నుదుటిచుట్టూ ఎర్రటి వలయం. దిష్టి అన్నారొకరు, కాదు పురుగేదో కుట్టిందన్నారొకరు. జాస్మిన్ అత్తగారు ఖాదర్‌బీ టోపీ అందుకుని, అంచు నాలికమీద పెట్టుకుని, ఒక్క క్షణం ఆగి, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. "ఏమ్మా హారికా, మావోణ్ణి ఊరగాయ పెడదామనుకున్నావా," అంది. కొబ్బరినూనె రాశారు, వాడు పాలు తాగి పడుకున్నాడు, అయిపోయింది. వాళ్ళింట్లో అయిపోయింది, ఊళ్ళో అవలేదు. హారిక చేతి అల్లిక పసిపిల్లలకి అచ్చిరాదు అన్న మాట ఎవరి నోట పుట్టిందోగాని, కాలవగట్టు దాకా పాకింది. అచ్చిరాకపోవడం కాదు, కారం. మిరపకాయలో కారం ఉంటుంది, కారం నూలుకి అంటుకుంటుంది, తప్పు నాది, ఇప్పుడు సున్నిపిండీ మజ్జిగా పెట్టి మోచేతులదాకా తోముకుని గాని సూది ముట్టను. తప్పుకి కారణం ఉంటే దిద్దుకోవచ్చు. కారణం లేకుండా మనిషిని అంటుకునే మాటని ఏ మజ్జిగతో కడగాలి.

"ఏమ్మాయ్," అంది ఎదుటి కుర్చీలో పెద్దావిడ, ఎవరికో తోడొచ్చినట్టుంది, చాలాసేపటినుంచి సూదులవంకే చూస్తోంది. "కడుపుతో ఉన్నోళ్ళు ముళ్ళు వెయ్యగూడదు. బిడ్డ మెడకి పేగు చుట్టుకుంటది." "నా కడుపులో దారం లేదండి, సంచిలో ఉంది," అంది హారిక. పక్కనెవరో ఫక్కున నవ్వి దగ్గులోకి మార్చుకున్నారు. పెద్దావిడ సుబ్బరావమ్మవంక చూసింది, ఈ కోడలితో ఎలా వేగుతున్నావమ్మా అన్నట్టు. సుబ్బరావమ్మ కొంగు సర్దుకుని, "మా పిల్ల మాట వినదులెండి," అంది. కోడలు అనకుండా మా పిల్ల అంది, ఎదుటివాళ్ళ ముందు అలాగే అంటుంది, ఇంట్లో మాత్రం అమ్మాయ్. చెడ్డమనిషి కాదు, అదే బాధ. చెడ్డమనిషైతే కోపం తెచ్చుకుని హాయిగా ఉండొచ్చు. ఈ నెలల్లో హారిక చేత బకెట్టు ఎత్తనివ్వలేదు, వంగి ముగ్గు వెయ్యనివ్వలేదు, రోజూ పొద్దున్నే జీలకర్ర నీళ్ళు తనే కాచి ఇచ్చింది, ఇచ్చిన చేత్తోనే ఆ నూలు ఉండని చూసి పామును చూసినట్టు పక్కకి తప్పుకుంది.

ముళ్ళు వెయ్యకూడదట. నాలుగో నెలలో పెద్ద డాక్టరమ్మ వేసిందేమిటి మరి. గర్భసంచి మూతి ముందే తెరుచుకుంటోందమ్మా నీకు, పోయినసారి జరిగింది అదే, ఇందులో నువ్వు చేసిన పొరపాటు ఏమీ లేదు, అని బొమ్మ గీసి చూపించి, చుట్టూ కుట్టు వేసి దారం బిగించి ముడి వేసింది. టోపీ నెత్తిన ఆఖరి కుట్లన్నింటిలోంచీ దారం లాగి బిగించినట్టే, హారికకి బొమ్మ చూడగానే అర్థమైపోయింది, ఎన్ని చుట్లు వేస్తారండి అని కూడా అడిగింది. ఆవిడ వేస్తే వైద్యం, నేను వేస్తే అరిష్టం. ఆ కుట్టుకి సుబ్బరావమ్మ దణ్ణం పెట్టుకుంది. పెట్టుకోనీ, హారిక కూడా పెట్టుకుంది. నువ్వు చేసిన పొరపాటు ఏమీ లేదు అన్న ఆ ఒక్కమాట వినడానికి వానాకాలం అంతా, చలికాలం అంతా ఆగాల్సొచ్చింది. అప్పటిదాకా ఊళ్ళో ప్రతి మొహంలోనూ అదే చదివింది, ముందే అల్లింది, అందుకే పోయింది. నిజం చెప్పొద్దూ, నడిపొద్దున ఎప్పుడో ఒంటరిగా కూర్చున్నప్పుడు తనకీ అనిపించింది. అలా అనిపించినందుకు తనమీద తనకే ఎంత కోపమో.

పోయినసారి అది జరిగినప్పుడు పత్తి గింజలు వేసే రోజులు. వాన ఆగి ఆగి పడుతోంది. నెప్పులు కూడా సరిగ్గా రాలేదు, నడుంలో ఏదో బరువు, అంతే, లక్ష్మీకాంత్ కారు తీసేసరికి ఆలస్యమైపోయింది. ఆసుపత్రిలో మెలకువ వచ్చేసరికి పొట్ట ఖాళీగా ఉంది. సుబ్బరావమ్మ పాత చీరముక్క ఒకటి తెచ్చిందని, అందులో చుట్టి తనే తీసుకెళ్ళిందని, చేలో ఎక్కడో పెట్టారని తర్వాత తెలిసింది. ఎక్కడో కూడా చెప్పలేదు. చూస్తానంది. చూడకూడదమ్మా, చూస్తే మరిచిపోలేవు, అంది అమ్మ, అవునవును అంది అత్తగారు. మరిచిపోతానని మీకెవరు చెప్పారు. ఆడా మగా అనడిగితే, ఎందుకులే ఇప్పుడవన్నీ, అన్నారు. ఎంతుంది అనడిగింది, కనీసం అది చెప్పండి, ఎంతుంది. లక్ష్మీకాంత్ కిటికీవంక తిరిగిపోయాడు. ఇంటికొచ్చి మంచంకింద చెయ్యి పెడితే సగం అల్లిన చొక్కా లేదు, సూదులు లేవు, నూలు లేదు. నీళ్ళపొయ్యిలో పెట్టేశారు. బూడిదలో సూది కొస ఒకటి నల్లగా మిగిలింది. అప్పుడు ఏడ్చింది హారిక, ఆసుపత్రిలో పడని కన్నీళ్ళన్నీ ఆ పొయ్యి దగ్గర పడ్డాయి, వాకిట్లో జనం పోగయ్యేలా అరిచింది. బిడ్డ పోతే ఏడవలేదు, గుడ్డముక్క పోతే ఏడుస్తోంది, అన్నారు. ఎలా చెప్పాలి వీళ్ళకి. దానికి పేరు లేదు, ఫొటో లేదు, ఏ కాగితంలోనూ లేదు. అదొకటి వచ్చింది, కొన్నాళ్ళు నాలో ఉంది అని చెప్పడానికి లోకం మొత్తంలో ఉన్నది ఆ సగం చొక్కా ఒక్కటే. దాన్ని కాల్చాక ఇంక అది రానే లేదన్నమాట. ఊళ్ళో మళ్ళీ ఎవరూ దాని ఊసెత్తలేదు. ఆ ఇంట్లో మనుషులు పోయిన గేదెల్ని కూడా పేర్లు పెట్టి తలుచుకుంటారు.

ఇంకో సంగతి తర్వాతెప్పుడో తట్టింది, తట్టాక నిద్రపట్టలేదు. ఆ చొక్కా పూర్తయినా సరిపోయేది కాదు. నెలలు నిండి పుట్టే పిల్లల కొలతకి అల్లింది తను, ఫోనులో చూసి, లెక్క వేసుకుని. అదేమో అంత ఎదగనే లేదు. దానికి వదులైపోయేది, జారిపోయేది. మరి దానికి పట్టేది ఎంతుండాలి, పిడికిలంతా, నిమ్మకాయంతా, దోసకాయ పిందంతా, తల్లికి కూడా తెలియని కొలత లోకంలో ఒకటుంది. తెలిసినవాళ్ళు చెప్పరు.

సూదిమీంచి ఓ కుట్టు జారింది. సూది కొసతో పట్టుకుని పైకి ఎక్కించుకుంది. అరచేతులు చెమటపడుతున్నాయి, నూలు పచ్చగా వేళ్ళకి అంటుకుంటోంది. భయంగా ఉంది, భయం లేదని ఎవరన్నారు. లోపల తెరమీద ఆ డాక్టరమ్మకి ఏదో కనపడి ఉంటే. వెన్ను చూపించి పడుకున్నది మొండితనం కాక ఇంకేదైనా అయితే. ఇంకాసేపట్లో పేరు పిలుస్తారు, లోపలికి ఒకతిగా వెళ్ళి ఇంకొకతిగా బయటికి రావచ్చు, వస్తే ఈ హాల్లో వీళ్ళందరూ ఈ ఒళ్ళోకి చూస్తారు, ఈ సూదులవంక చూస్తారు, చెప్పామా లేదా అంటారు. అననీ. ఏం జరిగినా ఈ టోపీ విప్పను, కాల్చనివ్వను. పోయినసారి భయపడి దాచి అల్లాను, సగంలో పోయింది. ఈసారి భయపడుతూనే అందరి ముందూ అల్లుతున్నాను, పోతే పోతుంది, ఉంటే ఉంటుంది, రెంటిలో ఏదైనా నా చేతులు ఊరికే ఉండవు. రాకముందే రాలేదనుకుని కూర్చోవడం నావల్ల కాదు. రాకముందేమిటి అసలు, వచ్చేసింది కదా, మొన్న అన్నం తిని పడుకుంటే బొడ్డు కింద చేపపిల్ల తిరిగినట్టు తిరిగింది, ఎవరికీ చెప్పలేదు, లక్ష్మీకాంత్‌కి కూడా చెప్పలేదు. పుట్టడానికి ఇంకా శ్రావణం రావాలి, ఉండటానికి శ్రావణం దాకా ఆగాలా. ఇదిగో ఇప్పుడు ఈ కుర్చీలో ఇద్దరం కూర్చున్నాం. ఇద్దరికీ మామిడిరసం తాగించాను. అదిగో, కదిలింది, మళ్ళీ కదిలింది, తిరుగుతోంది, తిరుగు తల్లీ, ఇటు తిరుగు, మొహం చూపించు ఆవిడకి.

"హారిక గారు," అని పిలిచింది కౌంటరు దగ్గరి అమ్మాయి.

సగం వరసలో ఉంది. సగంలో దించితే కుట్లు జారతాయి. "ఈ వరస అయ్యాక వస్తానమ్మా," అంది హారిక. డాక్టరుగారు పిలుస్తున్నారండి అంది ఆ అమ్మాయి, పెద్దావిడ నోరు నొక్కుకుంది, సుబ్బరావమ్మ, "పదవే తల్లీ," అంది. హారిక వరస పూర్తి చేసింది. ఒక్కో కుట్టూ సూదిమీంచి సూదిమీదికి దాటించి, ఆఖరిది కూడా దాటాక సూదుల కొసలకి రబ్బరుబ్యాండు చుట్టి, లేచి, సంచి కుర్చీలోనే వదిలేసి లోపలికి వెళ్ళింది.

జెల్లు చల్లగా ఉంది. గోడమీద ఎర్రటి అక్షరాలు, ఇక్కడ లింగనిర్ధారణ చేయబడదు, అడగడం నేరం. డాక్టరమ్మ ఈసారి నవ్వింది, ఇప్పుడు దారికొచ్చింది చూడు, అంది. ఇదిగో వెన్నెముక, పూసలన్నీ వరసగా, ఇదిగో గుండె, నాలుగు గదులూ బాగున్నాయి, ఇది కిడ్నీ, ఇవి తొడ ఎముకలు, కుట్టు కూడా గట్టిగా ఉంది, అన్నీ బాగున్నాయమ్మా. అన్నీ అంటే అన్నీనా. అన్నీ. హారిక పైకప్పు ఫ్యానువంక చూస్తూ ఊపిరి వదిలింది. "ఇందాక మధ్యలో మాట ఆపేశారేంటండి," అంది. "ఎప్పుడూ? ఆవలింత వచ్చుంటుందమ్మా, పొద్దుట్నుంచీ ఇదే పని," అందావిడ. ఓరి దేవుడా, ఆ ఆవలింత మింగింది నా గంట. కణతల పక్కనుంచి నీళ్ళు చెవుల్లోకి పోతున్నాయి, తుడుచుకోలేదు. "ఇంకొకటి అడగొచ్చాండి." డాక్టరమ్మ మొహం బిగుసుకుంది, ఆ ప్రశ్న రోజుకి ఎన్నిసార్లు విని ఉంటుందో, చేత్తో గోడమీది బోర్డు చూపించింది. "అది కాదండి. తల చుట్టుకొలత ఎంత."

ఆవిడ ఒక క్షణం అర్థంకానట్టు చూసి తెరవంక వంగింది. "పదిహేడున్నర సెంటీమీటర్లు. వయసుకి సరిగ్గా ఉంది. ఎందుకు?"

"టోపీకి."

"పుట్టేసరికి ఇంకా చాలా పెరుగుతుందమ్మా. ఈ కొలత పనికిరాదు."

"పుట్టాక వేసేది వేరే అల్లుతున్నానండి. ఈ కొలత ఇవాళ్టికి," అంది హారిక.

బయటికి వచ్చేసరికి సుబ్బరావమ్మ నిలబడే ఉంది. రెండు చేతులూ కొంగులో ముడుచుకుని, తలుపువంకే చూస్తూ నిలబడి ఉంది. అంతా బాగుందన్నారత్తయ్యా అనగానే కుర్చీలో కూలబడి కళ్ళు మూసుకుంది, పెదాలు ఏవో కదిపింది, దేవుళ్ళు చాలామందే ఉన్నట్టున్నారు, ఓ పట్టాన అవలేదు. హారిక పక్కన కూర్చుని సంచి ఒళ్ళోకి తీసుకుంది. చెప్పకపోతే ఊరుకోలేకపోయింది, ఎవరికో ఒకరికి చెప్పాలి. బొటనవేలూ నడిమివేలూ కొసలు కలిపి గుండ్రంగా పట్టుకుని, "తల ఇంతుందట," అంది. "చిన్న బత్తాయంత, అంతే."

సుబ్బరావమ్మ కళ్ళు తెరిచి ఆ వేళ్ళవంక చూసింది. వద్దంటుంది, కొలవకూడదంటుంది, కొలిస్తే ఆయుష్షు తగ్గుతుందంటుంది, అనుకుని హారిక సమాధానం సిద్ధం చేసుకుని మెడ నిక్కించింది. సుబ్బరావమ్మ అదేమీ అనలేదు. ఆ వేళ్ళమధ్య ఖాళీలోకే చూసి, అక్కడెవరూ లేనట్టు మెల్లిగా, "దానిది ఇంకా చిన్నది," అంది.

దేనిది అని హారిక అడగలేదు. ఆ ఇంట్లో వానాకాలం నుంచి ఇవాళ్టిదాకా ఎవరూ ఆ మాట అనలేదు.

"ఎంత," అంది.

"ఇప్పుడెందుకమ్మాయ్."

"ఎంతత్తయ్యా. మీరు చూశారు. మీ చేతుల్తో చుట్టారు. నాకు చూపించండి."

సుబ్బరావమ్మ చుట్టూ చూసింది, ఎదుటి పెద్దావిడ చెవులు ఇటే పెట్టుకుని ఉంది. కొంగులోంచి కుడిచెయ్యి నెమ్మదిగా బయటికి వచ్చింది. మిరప తొడిమలు తీసి తీసి నల్లబడిన గోళ్ళు. బొటనవేలు కొసకి చూపుడువేలు కొస తగిలించి, ఒళ్ళోనే, ఎవరికీ కనపడకుండా, వలయంలా పట్టుకుంది. ఎంతుందో గుర్తుచేసుకోవడానికి ఆవిడకి క్షణం కూడా పట్టలేదు. "జుట్టు కూడా వస్తోందప్పుడే," అంది.

హారిక సంచిలోంచి నూలు ఉండ తీసింది. పచ్చటి కొస లాగి, అత్తగారి చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుని పైకెత్తి, హాలు మధ్యలో అందరికీ కనపడేలా పట్టుకుని, ఆ రెండు వేళ్ళ లోపలి అంచువెంట దారం తిప్పడం మొదలుపెట్టింది. సుబ్బరావమ్మ చెయ్యి లాక్కోబోయింది.

"వద్దమ్మాయ్, అంతా చూస్తున్నారు."

"చూడనివ్వండి," అంది హారిక. "మీరు వేళ్ళు కదపకండి, కొలత తప్పుతుంది. ముందు దానికి అల్లాలి."